లాంగ్వేజ్‌ల కొత్త ఫీచర్ పెట్టాలా వద్దా అని వాదించే తీరు: మా నల్లగొండ రూమ్ ముచ్చట

మేము ఆరుగురం కలిసి ఒక చిన్న సిస్టమ్స్ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్, అంటే మెషిన్‌కు దగ్గరగ పనిచేసేది, తయారు చేసుకుంటున్నం, నల్లగొండ క్లాక్ టవర్ కాడ ఒక మోటర్ వైండింగ్ షాపు పైన రూమ్ ఉంది, ప్రతి ఆదివారం పొద్దుగాల అక్కడ కూసుంటం. బోరు మోటర్ స్టార్టర్ల లోపల పెట్టే చిన్న బోర్డుల మీద నడవాలె ఆ లాంగ్వేజ్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండదు, వాడని మెమరీని దానంతటదే ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ ఉండదు, మెమరీ అంటారా కిలోబైట్లల్లనే. మొదటి నాలుగు నెలలు కోడ్ రాసిన దానికంటే లొల్లి పెట్టుకున్నదే ఎక్కువ, ఫంక్షన్‌కు ఏం కీవర్డ్ పెట్టాలె అనే దాని మీదనే రెండు ఆదివారాలు పోయినయి, ఒకాయన అలిగి నెల రోజులు రాలే. తర్వాత తర్వాత ఒక పద్ధతి కుదిరింది. మీరు సొంతంగ లాంగ్వేజ్ చేస్తున్నా, రస్ట్, జిగ్, గో లాంటి లాంగ్వేజ్‌ల ఫీచర్ ప్రపోజల్స్ చదివి మీ మాట చెప్పాలనుకున్నా, టీమ్‌ల అందరు వాడే లైబ్రరీ ఎట్ల ఉండాలె అని కొట్లాడుతున్నా అక్కరకొస్తదని రాస్తున్న.

పద్ధతి మొత్తం ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతది: దీని ఖర్చు ఎవరు కడతరు? ఏ ఫీచరూ ఉత్తగ రాదు. కోడ్‌ను మెషిన్ భాషలకు మార్చే కంపైలర్ రాసేటోళ్లు కట్టాలె, లేకుంటె కోడ్ రాసేటోడు కట్టాలె, లేకుంటె రెండేండ్ల తర్వాత ఆ కోడ్ తెరిచి చదివేటోడు, లేకుంటె నడిచేటప్పుడు మెషిన్ కడతది, టైమ్ రూపంల మెమరీ రూపంల, అదీ కాకుంటె ఇదివరకే ఈ లాంగ్వేజ్‌ల కోడ్ రాసిపెట్టుకున్నోళ్ల మీద పడ్తది. ఈ ఐదుగురిల ఎవరో ఒకరి మీద పడుడు ఖాయం. "ఈ ఫీచర్ మంచిదా చెడ్డదా" అని మొదలుపెడితే పొద్దుగూకేదాకా తెగది, "ఎవరి మీద పడ్తది, వాళ్లు మొయ్యగలుగుతరా" అని మొదలుపెడితే మధ్యాహ్నం అన్నం టైముకు ఏదో ఒక కొసకు వస్తం.

ఫెయిలైన ప్రోగ్రామ్ తోని మొదలుపెట్టుండ్రి

ఫీచర్ పేరు పట్టుకొని మీటింగ్‌కు పోవద్దు. ఫెయిలైన ప్రోగ్రామ్ పట్టుకొని పోవాలె, అది కూడ ఎంత చిన్నగ చేయగలుగుతరో అంత చిన్నగ చేసి.

నా ముచ్చటనే చెప్త. గుర్రంపోడు దిక్కు మా చిన్నాయనకు బత్తాయి తోట ఉంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంట్ వస్తుండె కదా, అంతకుముందు కరెంట్ పోయినప్పుడు మోటర్ దానంతటదే ఆగేది, ఆ తర్వాత ఎవరో ఒకరు ఆపితేనే ఆగుడు. బోర్ల నీళ్లు అయిపోయినా మోటర్ తిరుగుతనే ఉంటది, సబ్‌మెర్సిబుల్ మోటర్ చుట్టూ నీళ్లుంటేనే చల్లబడ్తది, నీళ్లు లేకుంటె వేడెక్కి వైండింగ్ కాలిపోతది. అందుకే నేను సి ల ఒక ప్రోగ్రామ్ రాసి, ప్రెజర్ సెన్సార్ తోని బోర్డు ఒకటి స్టార్టర్ డబ్బాల పెట్టిన. పోయిన ఎండాకాలం మోటర్ కాలింది. పైపులన్నీ పైకి గుంజి మోటర్ బయటికి తీసినంక నేను ప్రోగ్రామ్ తెరిచి చూసిన, తప్పు నాదే. మాటల్ల రాస్తే ఇట్లుండె:

మోటర్ ఆన్
ప్రెజర్ సెన్సార్ చదువు
సెన్సార్ ఎర్రర్ ఇస్తె ఎర్రర్ కోడ్ రిటర్న్ చెయ్
ప్రెజర్ పడిపోయేదాకా చూస్తుండు
మోటర్ ఆఫ్

మూడో లైన్ చూడుండ్రి. డబ్బాల సెన్సార్ వైర్‌ను ఎలుక కొరికింది, సెన్సార్ ఎర్రర్ ఇచ్చింది, ఫంక్షన్ మర్యాదగ రిటర్న్ అయింది, ఐదో లైన్ దాకా కథ పోనేలే. మోటర్ మాత్రం రాత్రంతా తిరిగింది.

ఈ ఐదు లైన్లు రూమ్‌ల బోర్డు మీద రాసిన, "మన లాంగ్వేజ్‌ల డిఫర్ పెట్టాలె" అని ఒక్క మాట కూడ అనలే (బయటికి పోయేటప్పుడు చేయాల్సిన పనిని ముందే రాసిపెట్టుడే డిఫర్). అట్ల అని ఉంటే వెంటనే జట్లు కడతరు, గో తెలిసినోడు ఒక దిక్కు, రస్ట్ తెలిసినోడు ఒక దిక్కు. ఐదు లైన్లు పెట్టేసరికి అందరు ఒకే దిక్కు కూసొని మూడో లైన్ నుంచి ఎట్ల బయటపడాలె అని చూసిన్రు. ఒకవేళ మీ కాడ నిజంగ ఫెయిలైన ప్రోగ్రామ్ లేకుంటె, ఊహించి రాసింది అయితే, ఊహించి రాసిందే అని ముందే చెప్పాలె. ఊహ మీద ఫీచర్ అడుగొద్దని కాదు, కని దాని బరువు తక్కువ అని అందరికి తెల్వాలె.

దారులన్నీ పక్కపక్కన పెట్టుండ్రి

ఏమీ మార్చకుండ ఉండుడు కూడ ఒక దారే, దాన్ని మొదటి లైన్ల రాయాలె. మా కాడ సి ల ఏండ్ల తరబడి పనిచేసిన సారు ఒకాయన ఉన్నడు, ఆయన లేచి "గోటో పెట్టి కింద ఒక క్లీనప్ లేబుల్ రాసుకుంటె సరిపోతది, లినక్స్ కెర్నల్ మొత్తం అట్లనే నడుస్తది" అన్నడు. గోటో అంటే కోడ్‌ల పేరు పెట్టిన ఇంకో కాడికి దుంకుడు, కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండె లాంటిది. నిజమే, కెర్నల్‌ల చాన కాడ అదే రివాజు. ఖర్చు ఎవరిది? కంపైలర్‌కు సున్నా, మెషిన్‌కు సున్నా, చదివేటోనికి అంతా కండ్ల ముందటనే ఉంటది, మొత్తం బరువు రాసేటోని మీదనే, ఎర్రర్ వచ్చే ప్రతి కాడ గుర్తు పెట్టుకొని రాయాలె.

రెండోది డిఫర్. మోటర్ ఆన్ చేసిన లైన్ కిందనే "డిఫర్ మోటర్ ఆఫ్" అని రాస్తం, ఆ తర్వాత ఏ దారిల బయటికి పోయినా ఆఫ్ అయితది. మూడోది డిస్ట్రక్టర్, సి ప్లస్ ప్లస్, రస్ట్ తీరు: మోటర్ అనేది ఒక వాల్యూ, దాని స్కోప్, అంటే అది చెల్లే కోడ్ ముక్క, అయిపోంగనే ఆఫ్ చేసే కోడ్ కంపైలరే పెడతది.

ఇక్కడ జర ఆగి లోతుకు పోవాలె, ఎందుకంటే "డిఫర్" అని ఒకే మాట అంటం కని అందరి డిఫర్ ఒకటి కాదు. గో ల డిఫర్ పెట్టింది ఫంక్షన్ మొత్తం అయిపోయినంకనే నడుస్తది, జిగ్‌ల, స్విఫ్ట్‌ల ఆ బ్లాక్ అయిపోంగనే నడుస్తది. ఏం పెద్ద తేడా అనిపిస్తది. లూప్‌ల పెట్టి చూడుండ్రి: ఒక ఫోల్డర్‌ల వేల లాగ్ ఫైళ్లు ఉన్నయి, ఒక్కొక్కటి ఓపెన్ చేసి, కింద డిఫర్ క్లోజ్ అని రాసి, చదివి, మళ్ల పైకి పోతున్నం. జిగ్‌ల అయితే ఒక ఫైల్ మూసినంకనే ఇంకోటి తెరుచుకుంటది. గో ల అయితే ఒక్కటి కూడ మూసుకోదు, అన్నీ తెరిచే ఉంటయి ఫంక్షన్ కొస దాకా, ఓపెన్ ఫైళ్ల లిమిట్‌కు పోయి తగుల్తది. గో వాళ్లు తెలివి లేక చేయలే అట్ల, ఇఫ్ లోపల డిఫర్ రాసినా ఫంక్షన్ కొసకు నడవాలె అంటే ఆ తీరే కావాలె, అది కూడ పనికొచ్చేదే. కని లూప్ ఎన్నిసార్లు తిరుగుతదో కంపైలర్‌కు ముందే తెల్వదు, అంటే పెండింగ్ డిఫర్ల లిస్టు నడిచేటప్పుడు మెమరీల పెట్టుకోవాలె. సర్వర్ మీద అది లెక్కల్లకు రాదు. మా బోర్డు మీద ఉన్నదే కిలోబైట్లు, అక్కడ ఎంత పెరుగుతదో చెప్పలేని లిస్టు అంటే కుదరదు. ఆ ఒక్క లెక్క తోని ఫంక్షన్ స్కోప్ డిఫర్ మా టేబుల్ మీద నుంచి పోయింది, ఎవరి మనసూ నొవ్వలే, ఎందుకంటే అది గో మీద తీర్పు కాదు, మా బోర్డు మీద తీర్పు.

డిస్ట్రక్టర్ సంగతి కూడ అంతే లోతుగ చూడాలె. రాసేటోడు ఏమీ కట్టడు, మర్చిపోతడన్న భయం లేదు. చదివేటోడు కడతడు: క్లోజింగ్ బ్రాకెట్ కాడ ఒక ఫంక్షన్ కాల్ జరుగుతుంది, కంటికి కనబడది. జిగ్ వాళ్లు కనబడని కంట్రోల్ ఫ్లో ఉండొద్దు అని ముందే నియమం పెట్టుకున్నరు, అందుకే వాళ్లకు డిస్ట్రక్టర్లు లేవు, + లాంటి గుర్తులకు సొంత అర్థం పెట్టుకునే ఆపరేటర్ ఓవర్‌లోడింగ్ కూడ లేదు. ఇంకోటి, మూసేటప్పుడే ఎర్రర్ వస్తె? రస్ట్‌ల ఫైల్ వాల్యూ డ్రాప్ అయ్యేటప్పుడు (డిస్ట్రక్టర్‌ను రస్ట్‌ల డ్రాప్ అంటరు) క్లోజ్‌ల వచ్చిన ఎర్రర్‌ను పట్టించుకోదు, ఎందుకంటే డ్రాప్ నుంచి ఎర్రర్ రిటర్న్ చేసే దారి లేదు. ఫైల్ అయితే పోనీ అనొచ్చు. మోటర్‌ను ఆన్ ఆఫ్ చేసే రిలే ఆఫ్ కాలే అన్న సంగతి పోనీ అనలేం.

ఫీచర్ ఇంకో ఫీచర్‌ను నమ్ముకున్న కాడ వేలు పెట్టుండ్రి

కొత్త ఫీచర్ ఒక్కదాన్నే చూస్తే అన్నీ మంచిగనే కనబడ్తయి. ఉన్న ఫీచర్లన్నీ ఒక కాగితం మీద నిలువుగ రాసి, ఒక్కొక్కదాని పక్కన కొత్తది పెట్టి "రెండూ ఒకే ఫంక్షన్‌ల ఉంటే ఏమైతది" అని అడుగుతూ పోవాలె. విసుగొచ్చే పని, కని తప్పించుకోరాదు.

రస్ట్ 1.0 రావడానికి ముందు 2015 ల జరిగింది చూస్తే ఎందుకో తెలుస్తది. స్కోప్డ్ థ్రెడ్లు (ఒక బ్లాక్ అయిపోయేలోపు ముగిసే, పక్కపక్కన నడిచే పనులు) అని ఒకటి ఉండె వాళ్ల స్టాండర్డ్ లైబ్రరీల, దాని సేఫ్టీ మొత్తం ఒక గార్డ్ వాల్యూ డిస్ట్రక్టర్ నడిచి తీరుతది అన్న నమ్మకం మీద నిలబడ్డది. ఇంకో మూలకు రెఫరెన్స్ కౌంటింగ్ పాయింటర్లు, అంటే ఒక వాల్యూను ఎంతమంది వాడుతున్నరో లెక్కపెట్టి సున్నా అయితే ఫ్రీ చేసేవి, ఉన్నయి, వాటి తోని రింగు కట్టినట్టు ఒకదానికి ఒకటి చూపిస్తే అవి ఎప్పటికీ ఫ్రీ కావు, అంటే లోపల ఉన్నదాని డిస్ట్రక్టర్ నడవనే నడవదు. రెండూ వేరువేరుగ చూస్తే ఏ తప్పూ లేదు. కలిపినంక సేఫ్ కోడ్ తోనే మెమరీ పాడుచేయొచ్చు. 1.0 దగ్గర పడ్డది, అయినా వాళ్లు ఆ ఫీచర్‌నే తీసేసిన్రు, డిస్ట్రక్టర్ నడుస్తదని గ్యారంటీ లేదు అనే తీర్పుకు వచ్చిన్రు. మళ్ల 2022 ఆగస్టుల, 1.63 ల వచ్చింది అది, ఈసారి క్లోజర్ (వాల్యూ లెక్క అందించే చిన్న ఫంక్షన్) తీసుకునే ఫంక్షన్ రూపంల, ఆ ఫంక్షనే థ్రెడ్లు అయిపోయేదాకా ఆగుతది, ఎవరి డిస్ట్రక్టర్ మీదా ఆధారపడది. ఏడేండ్లు పట్టింది. కని తొందరపడి ఉంచుకుంటె ఇప్పటికీ మోస్తనే ఉండేటోళ్లు.

మా లిస్టుల డిఫర్ పక్కన రిటర్న్ పెట్టేసరికి దొరికిందొకటి: డిఫర్ లోపల రిటర్న్ రాస్తే ఏమైతది? అసలు రిటర్న్ చేసిన ఎర్రర్ పోయి ఇది మీద పడ్తదా? పావుగంటల తేలింది, డిఫర్ లోపల రిటర్న్ రాయనీయొద్దు, కంపైల్ ఎర్రర్.

అవతలోళ్ల మాట మీ నోటితోని చెప్పుండ్రి

ఒకరి మాటను కాదనే ముందు ఆ మాటను వాళ్లు ఒప్పుకునేటట్టు మీరు చెప్పాలె, వాళ్లు "ఆ, గదే నేను అంటున్నది" అన్నంకనే మీ వంతు. సగం మీటింగ్ అయినంక జట్లు మార్చుకుంటం కూడ. మొదట్ల నాకు ఇది స్కూల్ ఆటలెక్క అనిపించింది కని, మా డిజైన్‌ల అన్నిటికంటే మంచి ముక్క దీని నుంచే పుట్టింది.

ఆ రోజు డిస్ట్రక్టర్ దిక్కు నేను, డిఫర్ దిక్కు ఇక్కడ ఇంజనీరింగ్ చదువుతున్న పాలమూరు చెల్లె. ఆమె నన్ను ఒక్కటే అడిగింది.

"అన్నా, మోటర్ ఆఫ్ అయ్యే లైన్ ఈ కోడ్‌ల ఎక్కడున్నది, జర చూపియ్యి."

"కనబడదు చెల్లె, అవసరం లేదు కదా, కంపైలర్ పెడతది."

"రేపు మీరు ఊర్లె లేనప్పుడు చిన్నాయన స్టార్టర్ నేను రిపేర్ చేయాలె. అప్పుడు నాకు అవసరమే కదా."

నా కాడ జవాబు లేకుండె. చదివేటోని ఖర్చు అని కాగితం మీద రాసుకున్నం కని, ఆ చదివేటోడు ఎవరో మొదటిసారి మనిషి రూపంల కనబడ్డది. తర్వాత జట్లు మారినం. ఇప్పుడు ఆమె డిఫర్‌ను కొట్టాలె. రెండు నిమిషాలు ఆలోచించి అన్నది: "మోటర్ ఆఫ్ అని రాసుడు మర్చిపోయినోడు, డిఫర్ మోటర్ ఆఫ్ అని రాసుడు కూడ మర్చిపోతడు." ఆమె తన సొంత దారికే అసలు లోటు పట్టుకున్నది, నేను ఎదురుంగ కూసొని గంట సేపు చూసినా నాకు దొరకలే అది.

దాని నుంచే నాలుగో దారి వచ్చింది. మోటర్ లాంటి టైపుకు "దీన్ని మూయకుండ పోవద్దు" అని ఒక గుర్తు పెడతం, ఫంక్షన్ నుంచి బయటికి పోయే ఏ ఒక్క దారిల మూయకున్నా కంపైలర్ ఆ లైన్ నంబర్ చూపించి ఆపుతది. ఆఫ్ చేసే లైన్ మాత్రం మనిషే డిఫర్ తోని రాయాలె, కండ్ల ముందట ఉంటది. చదివేటోడు కట్టడు, మెషిన్ కట్టదు, రాసేటోడు ఒక లైన్ కడతడు, పెద్ద బరువు కంపైలర్ మీద, అంటే మా ఆరుగురి మీద. మేము కట్టగలుగుతం అని ఒప్పుకున్నం. మూడు నెలలు పట్టింది ఆ చెక్ రాసేసరికి.

తెల్వనోళ్లను ఒకసారి పిలువుండ్రి

కింద షాపుల వైండింగ్ చేసే అన్న ఒకరోజు చాయ్ తీసుకొని పైకి వచ్చి మా బోర్డు చూసి, ఏంది ఇది అని అడిగిండు. చెప్పినం. "మరి కరెంట్ పోతే?" అన్నడు.

కరెంట్ పోతే డిఫర్ నడవదు, డిస్ట్రక్టర్ నడవదు, గోటో నడవదు. ప్రాసెసరే లేదు అప్పుడు. మేము నాలుగు ఆదివారాల నుంచి ఏ దారిల బయటికి పోయినా ఆఫ్ అయితది అని మాట్లాడుకుంటున్నం, అందరికంటే పెద్ద దారి ఎవరికీ గుర్తు రాలే. రస్ట్‌ల కూడ ఆపరేటింగ్ సిస్టమ్ లేని బోర్డుల మీద పానిక్ (సరిచేయరాని ఎర్రర్ వచ్చి ఆగిపోవుడు) అయితే మామూలుగ స్టాక్ విప్పుకుంటూ డిస్ట్రక్టర్లు నడుపుకుంటూ పోవుడు ఉండదు, మీరు రాసిపెట్టిన పానిక్ హ్యాండ్లర్‌కు పోతది, ఆ హ్యాండ్లర్‌ల మోటర్ ఆఫ్ అని మీరే రాయాలె. కాబట్టి వాదన కాగితం మీద "ఈ ఫీచర్ ఏం తీర్చదు" అని ఒక గడి పెట్టుకోవాలె. కరెంట్ పోయి వచ్చుడు మా లాంగ్వేజ్ తీర్చేది కాదు, దానికి బోర్డు స్టార్ట్ అయిన వెంటనే మొదటి పని రిలే ఆఫ్ చేసుడు, కాయిల్‌కు కరెంట్ లేకుంటె కాంటాక్ట్ దానంతటదే తెరుచుకునే రిలే వాడుడు. అది వేరే కాగితం.

ఏమీ రాయకపోతే ఏమైతది

ఫీచర్ ఎంత ముఖ్యమో దాని డిఫాల్ట్ అంతకంటే ముఖ్యం, ఎందుకంటే జనం ఎక్కువసార్లు ఏమీ రాయరు. సి ల స్విచ్ కేస్‌ల బ్రేక్ రాయకుంటె కింది కేస్‌లకు జారిపోతది, గో దాన్నే తిప్పేసింది, జారాలంటే ఫాల్‌త్రూ అని రాయాలె. దేనికీ చూపించని నల్ రెఫరెన్స్‌ను 1965 ల ఆల్గాల్ డబ్ల్యు లాంగ్వేజ్‌ల పెట్టిన టోనీ హోర్, అది తన బిలియన్ డాలర్ల తప్పు అని 2009 ల తనంతట తానే చెప్పిండు, పెట్టుడు సులువు కాబట్టి పెట్టిన అన్నడు. కంపైలర్ రాసేటోని ఖర్చు తక్కువ అయింది, మిగిలిన నలుగురు ఇప్పటికీ కడుతున్నరు.

డిఫాల్ట్ మీద మాకు అన్నిటికంటే ఎక్కువ కొట్లాట అయింది నంబర్లు నిండిపోయే కాడ. మా బోర్డుల టైమర్ మిల్లీసెకన్లు లెక్కపెడతది, 32 బిట్ల కౌంటర్, 49.7 రోజులకు నిండి మళ్ల సున్నాకు వస్తది. తమ్ముడు ఒకడు "ఓవర్‌ఫ్లో అయితే ప్రోగ్రామ్ ఆగిపోవాలె, తప్పు లెక్క తోని నడుసుడు కంటే ఆగుడే నయం" అన్నడు. బ్యాంకు లెక్క అయితే సరే. ఇక్కడ అట్ల పెడితే ప్రతి బోర్డు యాభయ్యో రోజున ఆగిపోతది, ఏ తప్పూ లేకుండనే. ఎందుకంటే ఇప్పటి టైమ్‌ల నుంచి మొదలైన టైమ్ తీసేసేటప్పుడు సున్నా చుట్టూ తిరిగి రావాలె, తిరిగి వస్తేనే తేడా కరెక్టుగ వస్తది. అట్లని అంతటా తిరగనిస్తే ప్రెజర్ లెక్కల తిరిగినప్పుడు ఎవరికీ తెల్వది.

అప్పుడు వేరేటోళ్లు ఏం చేసిన్రో తీసి చూసినం. సి ల అన్‌సైన్డ్ (మైనస్ లేని నంబర్) అయితే తిరుగుతది అని రూల్ల ఉంది, సైన్డ్ (మైనస్ కూడ ఉండే నంబర్) అయితే అన్‌డిఫైన్డ్, అంటే అట్ల జరగదు అనుకొని మీరు రాసిన చెక్‌ను కంపైలర్ తీసిపారేయొచ్చు కూడ. రస్ట్ డీబగ్ (పరీక్షకు కంపైల్ చేసింది) ల పానిక్ చేస్తది, రిలీజ్ (వాడకానికి ఇచ్చేది) ల ఏమీ సెట్ చేయకుంటె తిరుగుతది, స్పీడ్ కోసం. జిగ్ రెండు గుర్తులు పెట్టింది, మామూలు + సేఫ్ మోడ్లల్ల చెక్ చేస్తది, +% అంటే తిరగనియ్యి అని. మాకు జిగ్ తీరు నచ్చింది, రాసేటోడు ఒక గుర్తు ఎక్కువ కడతడు, చదివేటోనికి ఇక్కడ కావాలనే తిప్పిన్రు అని తెలుస్తది.

అయితే చెక్ పెట్టినం కదా అని నిమ్మలంగ ఉండరాదు. 1996 జూన్ 4 న ఏరియన్ 5 రాకెట్ మొదటిసారి లేచి నిమిషం కూడ కాకముందే పేలిపోయింది, 64 బిట్ల ఫ్లోట్‌ను (దశాంశ నంబర్‌ను) 16 బిట్ల నంబర్ల కుక్కబోతే పట్టలే. అక్కడ ఓవర్‌ఫ్లో దొరికింది, ఎక్సెప్షన్ కూడ వచ్చింది. దొరికినంక ఏం చేయాలె అంటే ప్రాసెసర్ ఆపెయ్ అని పెట్టుకున్నరు. పైగ ఆ లెక్క రాకెట్ లేచినంక అవసరమే లేని లెక్క. కాబట్టి "ఎర్రర్‌ను పట్టుకుంటది" అని ఎవరన్నా అంటే, పట్టుకున్నంక ఏం చేస్తది అని అడుగుడు మర్చిపోవద్దు.

స్పెల్లింగ్ మీద కొట్లాట చివరికి నెట్టుండ్రి

ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌ల మీద పరిశోధన చేసే ఫిలిప్ వాడ్లర్ పేరు మీద ఒక సూత్రం ఉంది: లాంగ్వేజ్ డిజైన్‌ల అర్థం మీద ఎంతసేపు మాట్లాడుతరో సింటాక్స్ మీద దానికి రెట్టింపు, అక్షరాల గుర్తుల మీద దానికి రెట్టింపు, కామెంట్ ఎట్ల రాయాలె అనే దాని మీద ఇంకా రెట్టింపు. మేము రెండు ఆదివారాలు పోగొట్టుకుంది దీనికే. స్పెల్లింగ్ అందరికీ అర్థమైతది కాబట్టి అందరు మాట్లాడుతరు. అందుకే మేము వాదన నడిచేటప్పుడు కావాలనే పిచ్చి పేర్లు పెట్టుకుంటం, డిఫర్‌ను "బత్తాయి" అని పిలిచినం రెండు నెలలు. అర్థం తేలినంక పేరు పది నిమిషాలల్ల అయిపోయింది.

అట్లని సింటాక్స్ మాటలన్నీ వట్టివే అని కాదు. రస్ట్‌ల అవెయిట్ (ఒక పని అయ్యేదాకా ఆగు అని చెప్పే మాట) ముందట పెట్టాలా వెనుక పెట్టాలా అని చాన రోజులు వాదన నడిచింది, చివరికి చుక్క పెట్టి వెనుక రాసుడు ఖాయమై 2019 నవంబర్ 7 న 1.39 ల వచ్చింది. దాని కింద అసలు ప్రశ్న ఉండె: ఎర్రర్‌ను పైకి పంపే ప్రశ్న గుర్తు, అవెయిట్, రెండూ ఒకే కాడ ఉంటే ఏది ముందు? ముందట రాస్తే బ్రాకెట్లు కావాలె లేదా కొత్త రూల్ గుర్తు పెట్టుకోవాలె, వెనుక రాస్తే ఎడమ నుంచి కుడికి చదివిన వరుసనే నడిచే వరుస. ఇట్లాంటిది అయితే టైమ్ ఇయ్యాలె. పేరు మార్చినా ప్రోగ్రామ్ నడిచే తీరు మారకుంటె అది చివరికి పోవాల్సిందే.

పాత కోడ్ మోసేటోళ్లు ఎంతమందో లెక్కపెట్టుండ్రి

కొత్త లాంగ్వేజ్ చేసేటోళ్లు "మనకు ఇంకా యూజర్లే లేరు, తర్వాత మార్చుకుందాం" అంటరు. తర్వాత మార్చుడు అంత సులువు కాదు. సి ల & గుర్తు (బిట్లను కలిపి చూసేది) కంటే == కు బలం ఎక్కువ, అందుకే స్టేటస్ & మాస్క్ == 0 అని రాస్తే ముందు మాస్క్‌ను సున్నా తోని పోలుస్తది, ఇప్పటికీ జనం దీని కాడ పడ్తనే ఉన్నరు. రెండు షరతులు నిజమా అని చూసే && తర్వాత వచ్చింది లాంగ్వేజ్‌లకు, అప్పుడే & బలం సరిచేయొచ్చు, కని అప్పటికే రాసిన కోడ్ చెడిపోతదని సి తయారు చేసిన డెనిస్ రిచీ ముట్టలే. అప్పటికి ఉన్న కోడ్ మొత్తం కొన్ని వందల కిలోబైట్లే. మేక్‌ఫైల్ (ప్రోగ్రామ్ కంపైల్ చేసే వరుస రాసే ఫైల్) ల లైన్ ముందట ట్యాబ్ పెట్టాల్సిందే అన్న కథ కూడ అంతే, మేక్ రాసిన స్టువార్ట్ ఫెల్డ్‌మన్ దాన్ని మార్చుదాం అనుకునేసరికి పదిపన్నెండు మంది వాడుతుండిరి, వాళ్లకు ఇబ్బంది ఎందుకని ఊకున్నడు.

కాబట్టి ఫీచర్ పెట్టేటప్పుడే తీసే దారి రాసుకోవాలె. రస్ట్ ఎడిషన్లు పెట్టుకుంది, 2015, 2018, 2021, 2024, పాత ఎడిషన్ కోడ్ అట్లనే కంపైల్ అయితది. గో లూప్ వేరియబుల్ తీరును 1.22 ల, 2024 ఫిబ్రవరిల మార్చింది, మాడ్యూల్ ఫైల్‌ల పాత వెర్షన్ నంబర్ రాసి ఉన్నోళ్లకు పాత తీరే నడుస్తది. మేము ప్రతి ఫైల్ మొదటి లైన్ల వెర్షన్ నంబర్ రాయాల్సిందే అని పెట్టుకున్నం, మొదటి రోజు నుంచే.

వద్దు అనుడు కూడ ఫలితమే. గో ల ఎర్రర్ చెకింగ్ పొట్టిగ చేయడానికి ట్రై అనే ప్రపోజల్ వచ్చింది, ఎక్స్‌ప్రెషన్ మధ్యల నుంచి ఫంక్షన్ బయటికి పోతది, చదివేటోనికి కనబడది అని మస్తు మంది ఒద్దన్నరు, 2019 జులైల వెనక్కి తీసుకున్నరు. 2025 జూన్‌ల అయితే ఎర్రర్ల కోసం సింటాక్స్ మార్చే ప్రయత్నాలే ఇప్పట్ల చేయం అని చెప్పేసిన్రు. రస్ట్ అదే సమస్యకు ప్రశ్న గుర్తు పెట్టుకున్నది, 2016 నవంబర్ నుంచి ఉంది, వాళ్లకు మంచిగనే నడుస్తుంది. ఒకే సమస్య, రెండు తీర్పులు, ఖర్చు మొయ్యడానికి ఒప్పుకున్నోళ్లు వేరు.

మాటల సంగతి, కాగితం సంగతి

"సింపుల్" అనే మాట ఎవరన్నా వాడితే, ఎవరికి సింపుల్ అని అడుగుండ్రి, కంపైలర్ రాసేటోనికా, చదివేటోనికా. "ప్రోగ్రామర్ జాగ్రత్తగ ఉంటే చాలు" అంటే, నేను జాగ్రత్తగనే రాసిన ఆ ఐదు లైన్లు అని చెప్త నేను. మైక్రోసాఫ్ట్ వాళ్లు 2019 ల చెప్పిన లెక్క ప్రకారం వాళ్లు ఏటా సరిచేసే సెక్యూరిటీ లోపాలల్ల దాదాపు 70 శాతం మెమరీ తప్పులే, అవి రాసినోళ్లు జాగ్రత్త తెల్వనోళ్లు కాదు కదా. అట్లనే "ఆ పెద్ద లాంగ్వేజ్‌ల ఉంది కాబట్టి మనకూ కావాలె" అంటే, వాళ్లకు ఎందుకు కుదిరింది, మన కాడ అదే పరిస్థితి ఉందా అని చూడాలె.

తేలినంక కాగితం రాయాలె. రస్ట్ ప్రపోజల్ నమూనాల డ్రాబ్యాక్స్ అని ఒక భాగం ఉంటది, వేరే దారులు ఎందుకు వద్దనుకున్నరో రాసే భాగం ఉంటది, అడిగేటోడే తన ఫీచర్ లోట్లు రాయాలె, నాకు చాన నచ్చింది ఆ రివాజు. చివరికి పది రోజుల గడువు ఇస్తరు అభ్యంతరాలకు. మేము రెండు ఆదివారాలు ఇస్తం. ఫెయిలైన ప్రోగ్రామ్, చూసిన దారులు, ఐదుగురిల ఎవరు ఎంత కడతరు, తీర్చనిది ఏంది, వద్దనుకున్నవి ఎందుకు వద్దనుకున్నం, గంతే, రెండు పేజీలు దాటొద్దు. ఆ మీటింగ్‌కు రానోడు ఒకడు చదివి కొత్త ఫీచర్ తోని నిజం ప్రోగ్రామ్ ఒకటి తిరగరాయాలె, మాకు అది మూడు వందల లైన్ల స్టార్టర్ కోడ్. డిఫర్ కాగితం అలిగిపోయి తిరిగొచ్చిన ఆయనకే ఇచ్చినం, ఆయన తిరగరాస్తుంటే కంపైలర్ ఇంకో రెండు కాడ ఆపింది, నా పాత కోడ్‌ల మోటర్ ఆన్ ఉండంగనే బయటికి పోయే దారులు ఇంకా రెండున్నయి అన్నట్టు. మూడు వందల లైన్లు నేను ఎన్నిసార్లు చదివిన్నో నాకే తెలుసు.

దసరాకు ఊరికి పోయినప్పుడు ఆ బోర్డు చిన్నాయన స్టార్టర్ల పెట్టినం. రాత్రి ఎనిమిదింటికి మోటర్ ఆన్ చేసి, నీళ్లు పడుతున్నయని చూసుకొని, చెల్లె డబ్బా తెరిచి సెన్సార్ వైర్ పీకేసింది. డబ్బాల మోటర్‌కు కరెంట్ కలిపే కాంటాక్టర్ టప్పుమని పడ్డది, పైపుల నీళ్లు సన్నగిల్లినయి. చిన్నాయన టార్చ్ పట్టుకొని నిలబడి "ఇంకోసారి పీకు బిడ్డ" అన్నడు, ఆమె వైర్ మళ్ల పెట్టి మోటర్ నడిపి ఇంకోసారి పీకింది.